పదకొండో గడి

మా బ్యాంకు ఫారంలో పదకొండో గడి:
'యంత్రం తయారుచేసిన సంస్థ పేరు.'
నాగుల్ మీరా అక్కడ పెన్ను ఆపాడు.
"మీరే రాయండి సార్.
బ్రేకు డ్రమ్ము లేలాండ్ లారీది,
రోలర్లు బెంజి సర్కిల్ దగ్గర మూతపడ్డ చెరుకురసం బండివి,
ఇంజను తాడేపల్లిలో ప్రాణం వదిలిన ఆటోది,
బెల్టు మా బావమరిది పిండిమరది.
ఇంతమందికి ఒక్క గడి సరిపోద్దా?"

నేను నవ్వలేదు.
ఇరవై రెండేళ్ళుగా గడులు నింపిస్తున్నవాణ్ణి,
ఖాళీ గడి నాకు పంటికింద రాయి.
"కొటేషన్ తీసుకురా" అన్నాను.
కొటేషన్ అంటే
ఇప్పటికే ఎవడో చేసి అమ్ముతున్నాడని రుజువు.
ఇప్పటిదాకా లేనిదానికి రుజువు
ఏ షాపులో దొరుకుతుందో
నేను చెప్పలేదు, అతను అడగలేదు.
ఫైలు చంకన పెట్టుకుని
ఆటోనగర్ బస్సెక్కాడు.

గెలలు కోసిన వారంలో ఉండవల్లి వైపు వెళ్ళారా ఎప్పుడైనా?
గెల లారీ ఎక్కుతుంది,
చెట్టు గట్టుమీద కుళ్ళుతుంది.
బోదెలు కాలవలోకి దొర్లిస్తే
తూముకి అడ్డంపడి
నీళ్ళు వచ్చినదారినే వెనక్కి తంతాయి.
"ఒక్కసారే కాస్తదండీ అరటి,
కాసినాక ఎవరిక్కావాలి" అంటుంది సువార్తమ్మ,
అవి నరికి దొర్లించడమే ఆమె కూలి.
చెట్టు గురించే అందనుకున్నాను.

స్కూటర్ సైలెన్సర్ వంకతో షెడ్డుకి వెళ్ళాను.
నిజానికి ఆ ఖాళీ గడి నన్ను నిద్రపోనివ్వలేదు.
గ్రీజు, వెల్డింగ్ పొగ, పచ్చి అరటి పసరు,
మూడూ కలిసిన వాసన.
డ్రమ్ము చుట్టూ ఇనప పట్టీలు,
బోదె పొర పెడితే పీచు రావాలి,
ముక్కలు వస్తున్నాయి.
పదును చాల్లేదని పదునుపెట్టాడు.
ఇంకా చిన్న ముక్కలు.
మళ్ళీ పెట్టాడు.
రెండు నెలలు. ఇంట్లో పుస్తెలు తప్ప అన్నీ తాకట్టు.

ఆవేళ బోదెలు దించడానికి వచ్చిన సువార్తమ్మ
పట్టీ అంచు బొటనవేలితో తడిమి చూసి,
"చేపకి పొలుసు తీసేప్పుడు
కత్తి ఏ వైపు పెడతావయ్యా?" అంది.

ఎవరూ మాట్లాడలేదు.
టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వీపు వైపు.
కత్తి వీపుతో గీకుతాం.

నాగుల్ మీరా గ్రైండరు అందుకుని
రెండు నెలల పదునంతా
ఒక్క మధ్యాహ్నంలో చంపేశాడు.
పట్టీకీ పలకకీ నడుమ
పోస్టుకార్డు మందం సందు వదిలాడు.
ఆటో ఇంజను దగ్గింది, దగ్గి అందుకుంది.
అవతలినుంచి పీచు వచ్చింది
తడిగా, తెల్లగా, పొడుగ్గా,
అప్పుడే తలంటుకున్న ముసలమ్మ జుట్టులాగా.

తెలివంటే పదునని చదువుకున్నాను నేను.
ఎక్కడ మొద్దుచెయ్యాలో తెలియడం
ఏ ఇంటర్వ్యూలోనూ నన్నెవరూ అడగలేదు.

ఆ మొదటి యంత్రానికి డబ్బు మేమివ్వలేదు.
సువార్తమ్మా మరో నలుగురూ
నెల చీటీని నష్టానికి పాడి తెచ్చారు.
ఇప్పుడు పీచు ఎండి తాడవుతుంది, చాపవుతుంది,
పిప్పి మళ్ళీ అరటి పాదులోకే పోతుంది,
తూము దగ్గర నీళ్ళు నీళ్ళలాగే నడుస్తున్నాయి.
లాభం ఎంతంటారా?
పీచు తడిస్తే ధర సగం,
వానాకాలం ఇంకా వాళ్ళకి అప్పుకాలమే.
అబద్ధం రాయలేను.

రెండో యంత్రానికి వాళ్ళు మళ్ళీ వచ్చారు.
ఈసారి పెన్ను నేను తీసుకున్నాను.
పదకొండో గడిలో
లారీ, చెరుకురసం బండి, ఆటో, పిండిమర అని
చీమల్లాంటి అక్షరాలతో ఇరికించి
చోటు చాలక అంచున రాశాను:
చేప.

నిన్న రీజనల్ ఆఫీసు నుంచి ఫైలు తిరిగొచ్చింది.
ఎర్ర సిరాతో ఒక సున్నా, దాని పక్కన
'చేప: వివరణ కోరడమైనది.'
మూడు రోజుల్లో జవాబివ్వాలి.

రాస్తున్నాను.